బండి కెమెరా పొగమంచును, వానను కొలవగలదా?

నార్కట్‌పల్లి_పాలబండి | డిసెంబరు 27, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో పాలు సేకరించి, తెల్లవారేసరికి హైదరాబాదు ఎల్బీనగర్‌కు చేర్చే బండిని పదకొండేళ్లుగా నడుపుతున్నాను. విజయవాడ రహదారి నాకు కొట్టిన పిండే. అయినా డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాకా చౌటుప్పల్, చిట్యాల మధ్య పొగమంచు కమ్మిందంటే ఆ అనుభవం ఎందుకూ పనికిరాదు.

మొన్న మంగళవారం ఖాళీ క్యాన్లతో తిరిగి వస్తున్నాను. సమయం ఆరూ ముప్పావు దాటింది, వేగం 60 దగ్గర ఉంది. రోడ్డు అంచున లైట్లు లేకుండా నిలిపిన ఇసుక లారీ ఒక్కసారిగా ఎదుట ప్రత్యక్షమైంది. బ్రేకు తొక్కి పక్కకు తిప్పితే, మూడు బారల దూరంలో బతికి బయటపడ్డాను. ఇంటికి వచ్చాక డ్యాష్‌క్యామ్ వీడియోను మెల్లగా తిప్పి చూశాను. నా కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి దాదాపు రెండు సెకన్ల ముందే ఆ లారీ ఆకారం వీడియోలో పలుచని నీడలా కనిపిస్తోంది.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. కెమెరా ముందే చూసినప్పుడు, "ముందున్న దారి ఇంత దూరమే కనిపిస్తోంది, వేగం తగ్గించు" అని అది నాకు చెప్పగలదా? నా వెనుక వచ్చే బండ్లకు కూడా ఆ సమాచారం అందే మార్గం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

కోడ్_దేవరకొండ | డిసెంబరు 27, మధ్యాహ్నం 1:15

అన్నా, మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. అది చిన్న దూరం కాదు. నేను పనిచేసేది చిత్రాలను కంప్యూటరుతో విశ్లేషించే రంగంలోనే కాబట్టి తెలిసినంత చెబుతాను.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పద్ధతి, వేలకొద్దీ చిత్రాలను "నిర్మలం", "వాన", "పొగమంచు", "రాత్రి" అని మనుషులతో గుర్తు వేయించి, వాటితో ఒక కంప్యూటరు నమూనాకు (మోడల్‌కు) శిక్షణ ఇవ్వడం. ఇలాంటి చిత్రసంచయాలు చాలాకాలం ఎక్కువగా యూరప్ రోడ్లవే ఉండేవి. మన దేశపు రోడ్ల కోసం హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు 2018లో 10,000 చిత్రాల సంచయాన్ని విడుదల చేశారు. ఆ తరువాత వాన, పొగమంచు, తక్కువ వెలుతురు, హిమపాతం ఉన్న పరిస్థితుల్లో తీసిన 5,000 జతల చిత్రాలతో మరొక సంచయం వచ్చింది. అందులో ఒక్కో దృశ్యాన్ని సాధారణ కెమెరాతోనూ, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని పట్టే కెమెరాతోనూ తీశారు.

అయితే ఈ పద్ధతి "ఇది పొగమంచు" అన్న పేరును మాత్రమే ఇస్తుంది. బయట పొగమంచు ఉందని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మీకు కావలసింది మీటర్లలో ఒక అంకె. పేరు చెప్పే యంత్రం వేరు, దూరం చెప్పే యంత్రం వేరు. ఈ రెండో దాని గురించి భౌతికశాస్త్రం తెలిసినవారు చెబితే బాగుంటుంది.

పానగల్_భౌతికం | డిసెంబరు 27, రాత్రి 8:05

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ ప్రశ్నకు పునాది 1924లో జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ ప్రతిపాదించిన సూత్రంలో ఉంది.

పొగమంచులోని నీటి తుంపరలు రెండు పనులు చేస్తాయి. వస్తువు నుంచి మన కంటికి వచ్చే కాంతిని చెదరగొట్టి తగ్గిస్తాయి. అదే సమయంలో చుట్టూ ఉన్న పగటి వెలుగును మన వైపు మళ్లించి, దారి పొడవునా ఒక తెల్లని తెరను కడతాయి. అందువల్ల దూరం పెరిగేకొద్దీ వస్తువుకూ నేపథ్యానికీ మధ్య ఉన్న వెలుగు తేడా, అంటే కాంట్రాస్ట్, ఒక స్థిరమైన నిష్పత్తిలో పడిపోతుంది. నల్లని వస్తువు కాంట్రాస్ట్ నూటికి 5కు పడిపోయే దూరాన్ని వాతావరణ శాస్త్రంలో దృశ్యమానతగా తీసుకుంటారు. అది 1,000 మీటర్ల లోపు ఉంటే పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపు ఉంటే దట్టమైనదని, 50 మీటర్ల లోపు ఉంటే అతి దట్టమైనదని మన వాతావరణ శాఖ లెక్క.

ఇక్కడే మీ లారీ సంగతి ఉంది, దయచేసి నిదానంగా చదవండి. ఆ రోజు దృశ్యమానత 100 మీటర్లనుకుందాం. అంటే ఒక్కో మీటరుకు కాంతి తగ్గుదల గుణకం సుమారు 0.03. కాటుకలాంటి నల్లని వస్తువు 100 మీటర్ల దాకా కనిపిస్తుంది. కానీ దుమ్ము కొట్టుకుపోయిన లారీ వెనుక తలుపు నలుపు కాదు. పొగమంచు రంగుకూ దాని రంగుకూ మొదటే తేడా తక్కువ. ఆ తేడా నూటికి 30 మాత్రమే అయితే, అది నూటికి 5కు దిగజారే దూరం లెక్క కడితే 60 మీటర్లే వస్తుంది. రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే భారత రోడ్ల కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి కనిపించవలసిన దూరం 80 మీటర్లు, 50 వేగానికి 60 మీటర్లు, 80 వేగానికి 120 మీటర్లు. కాబట్టి "100 మీటర్లు కనిపిస్తోంది" అని ధైర్యంగా 60లో వెళ్లే మనిషికి ఆ లారీ విషయంలో 20 మీటర్లు తక్కువ పడతాయి. తప్పు మీ కంటిది కాదు.

కెమెరాతో దూరం కొలిచే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది ఫ్రాన్సుకు చెందిన నికోలా ఒతియేర్, ఆయన సహచరులు 2006లో ప్రచురించినది. చిత్రంలో రోడ్డు నుంచి ఆకాశం వైపు ఒక నిలువు గీత గీసి, దాని వెంట వెలుగు ఎలా పెరుగుతోందో చూస్తారు. పొగమంచులో ఆ వెలుగు రేఖ ఒక చోట వంపు తిరుగుతుంది. క్షితిజరేఖ నుంచి ఆ వంపు ఎంత కింద ఉందన్నదాన్ని బట్టి దృశ్యమానతను లెక్కిస్తారు. ఒక్క కెమెరా చాలు, వేరే పరికరం అక్కరలేదు. అయితే ఇది పగటి వెలుగుకే వర్తిస్తుంది. చీకట్లో మీ దీపమే ఏకైక వెలుగైనప్పుడు కోష్మీడర్ ఊహించిన సమానమైన వెలుగు ఉండదు, సూత్రం చెల్లదు.

నార్కట్‌పల్లి_పాలబండి | డిసెంబరు 27, రాత్రి 9:30

సార్, మీ లెక్కను మూడుసార్లు చదివాను. రోడ్డు కనిపిస్తున్న దూరం వేరు, లారీ కనిపించే దూరం వేరు అన్న మాట ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ నేను నిండు బండితో బయలుదేరేది తెల్లవారుజామున మూడున్నరకు. అప్పుడు మరి ఏం చేయాలి?

పాలమూరు_స్టీరింగ్ | డిసెంబరు 28, ఉదయం 6:50

నేను ఆర్టీసీలో ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు వైపు, కొన్నేళ్లు శ్రీశైలం వైపు నడిపాను. యంత్రాల సంగతి నాకు తెలియదు గాని, రాత్రి పొగమంచులో డ్రైవరు ఎలా లెక్క వేస్తాడో చెబుతాను.

డివైడర్ మీది రేడియం బిళ్లలను లెక్కపెడతాము. ఎదుట ఆరు మెరిస్తే పరవాలేదు, నాలుగైతే గేరు తగ్గించాలి, రెండే మెరిస్తే బస్సును దాబా దగ్గరకో బంకులోకో తిప్పి ఆపాలి. బిళ్లకూ బిళ్లకూ ఎంత దూరమో రోడ్డును బట్టి మారుతుంది కాబట్టి కొత్త దారిలో మొదట తేటగా ఉన్న రాత్రి చూసుకునేవాళ్లం. హైబీమ్ వేస్తే ఎదుట తెల్లగోడ లేస్తుంది, అందుకే డిమ్ మీదనే వెళ్లాలి. మీ కెమెరా ఈ బిళ్లలను లెక్కపెట్టగలిగితే నేను దాన్ని నమ్ముతాను.

ఇంకొక మాట. మా జడ్చర్ల, భూత్పూర్, పెబ్బేరు దారిలో మంచుకంటే వానాకాలం ఎక్కువ బాధ పెడుతుంది. వాన ఆగిపోయినా ముందు వెళ్లే లారీ చక్రాలు చిమ్మే నీటి తుంపరలో అద్దం తెల్లబడిపోతుంది. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళితే ఆగస్టులో మబ్బే రోడ్డు మీదికి దిగుతుంది. ఈ మూడింటినీ కెమెరా వేరు వేరుగా గుర్తిస్తుందా, లేక అన్నింటినీ ఒకటే అంటుందా? అద్దం మురికిగా ఉంటే, వైపర్ రబ్బరు అరిగిపోయి గీతలు పెడుతుంటే అప్పుడు అది ఏం చెబుతుంది?

కోడ్_దేవరకొండ | డిసెంబరు 28, సాయంత్రం 5:20

పెద్దాయన అడిగిన ప్రశ్న ఈ మొత్తం రంగానికే కీలకమైనది.

ముందు రాత్రి సంగతి. మీరు చెప్పిన రేడియం బిళ్లల లెక్కే రాత్రిపూట కెమెరాకు సరైన దారి. తమ మీద పడిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే గుణం ఉన్నందువల్ల, అవి చీకటి చిత్రంలో స్పష్టమైన చుక్కలుగా పడతాయి. చుక్కలను పట్టడం కంప్యూటరుకు చాలా తేలిక. బండి కదులుతున్నప్పుడు ఒక్కో చుక్క ఎంత దూరంలో మొదటిసారి కనిపించిందో లెక్కిస్తే అదే ఆ రాత్రి దృశ్యమానతకు కొలమానం. ఎదుటి బండి దీపం చుట్టూ వ్యాపించే కాంతి వలయం వెడల్పు కూడా పొగమంచు చిక్కదనాన్ని చెబుతుంది. కాకపోతే అద్దం మీద జిడ్డు ఉన్నా అదే వలయం వస్తుంది.

ఇక వాన. కెమెరాకు వాన రెండు చోట్ల కనిపిస్తుంది. గాలిలో పడుతున్న చినుకు వీడియోలోని ఒక్క చిత్రంలో, అంటే ఒక్క ఫ్రేములో, ఒక బిందువును వెనుక దృశ్యంకంటే కొంచెం ప్రకాశవంతం చేసి మాయమవుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన గార్గ్, నాయర్ 2004లో ఈ గుణం ఆధారంగానే వీడియోలో చినుకులను వేరు చేసి చూపించారు. కెమెరా షట్టరు ఎంతసేపు తెరిచి ఉంటుందన్నదాన్ని బట్టి వాన కనిపించడం, కనిపించకపోవడం మారుతుందని కూడా వారు తరువాత నిరూపించారు. పైగా చవక డ్యాష్‌క్యామ్ వీడియోను బాగా కుదించి దాచుకునేటప్పుడు ఆ సన్నని గీతలు తుడిచిపెట్టుకుపోతాయి.

రెండో చోటు ముందు అద్దం. కొన్ని కార్లలో అద్దం వెనుక ఉండే రెయిన్ సెన్సార్, పరారుణ కాంతిని అద్దంలోకి పంపి అది ఎంత తిరిగి వస్తోందో చూస్తుంది. చినుకు పడిన చోట కాంతి బయటికి జారిపోతుంది కాబట్టి తిరిగి వచ్చేది తగ్గుతుంది. టెస్లా కార్లు ఆ సెన్సారును వదిలేసి కెమెరా చిత్రంతోనే వైపర్లను నడుపుతాయి. కెమెరా దూరాన్ని చూడడానికి అమర్చి ఉంటుంది కాబట్టి అద్దం మీది చినుకు దానికి అలుక్కుపోయిన మచ్చలా కనబడుతుంది. మురికి మచ్చ వైపర్ తిరిగినా అక్కడే ఉంటుంది, చినుకు మచ్చ పోయి మళ్లీ వస్తుంది. పెద్దాయన అడిగిన తేడాను ఇలా పట్టవచ్చు. లారీ చిమ్మే నీటిని వాన నుంచి వేరు చేయడం మాత్రం కష్టం. ముందున్న బండిని దాటాక కూడా అద్దం తడుస్తోందా అని కొంత సమయం వేచి చూడడం ఒక్కటే నాకు తోస్తున్న మార్గం.

వానమాపకం | డిసెంబరు 29, ఉదయం 10:10

మా మండలంలో వర్షపాతం లెక్కలు చూసే పని కొన్నేళ్లు చేశాను కాబట్టి వాన వైపు నుంచి నాలుగు మాటలు.

రాడార్ ఉంది కదా, బండి కెమెరా ఎందుకని కొందరు అడగవచ్చు. హైదరాబాదు డాప్లర్ రాడార్ కిరణం అర డిగ్రీ ఎత్తుతో బయలుదేరితే, భూమి వంపుతో కలిపి 100 కిలోమీటర్ల దూరానికి వచ్చేసరికి నేలకు దాదాపు కిలోమీటరున్నర ఎత్తున పోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాదుకు సుమారు ఆ దూరంలోనే ఉన్నాయి. పైన కనిపించిన వాన నేలకు చేరేలోపు ఆవిరైపోవచ్చు, పక్క మండలంలో పడవచ్చు. రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నా, మన దగ్గర ఒక ఊరి చెరువు నిండిన వానకు పక్క ఊరి దుక్కి తడవకపోవడం అందరం చూసినదే. రోడ్డు మీద తిరిగే బండ్లు ఈ ఖాళీని పూరించగలవు. అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో సుమారు 70 వాహనాల వైపర్ల సమాచారాన్ని, డ్యాష్‌బోర్డు వీడియోలతో సరిచూసుకుంటూ మిషిగన్ విశ్వవిద్యాలయం వారు పరిశీలించారు. వాన పడుతోందా లేదా అన్న ఒక్క విషయంలో వైపర్ సాక్ష్యం రాడార్ కంటే, వర్షమాపకాల కంటే నమ్మదగినదిగా తేలిందని 2019లో ప్రచురించారు.

కానీ "పడుతోందా లేదా" అన్నది ఒకటి, "ఎన్ని మిల్లీమీటర్లు" అన్నది మరొకటి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం అంటారు. ఆ అంకెను ఏ డ్యాష్‌క్యామ్ నుంచీ ఆశించవద్దు, దానికి వర్షమాపకమే కావాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మూసీ మీద, వాగుల మీద ఉన్న లోలెవల్ వంతెనల దగ్గర కెమెరా మాట ఎవరూ వినవద్దు. పారే నీటి పైభాగాన్ని మాత్రమే కెమెరా చూస్తుంది. లోతును, కింద రోడ్డు కొట్టుకుపోయిందా అన్నదాన్ని చూడలేదు. ఎగువన ఎప్పుడో పడిన వాన ఇక్కడికి నీళ్లుగా వచ్చేసరికి ఇక్కడ ఆకాశం తేటగా ఉంటుంది, కెమెరా "వాతావరణం నిర్మలం" అంటుంది. ఈ పరికరం ఎవరు తయారుచేసినా వాగు దగ్గర అది నోరు మెదపకుండా ఉండేలా చేయండి.

హుజూర్‌నగర్_బడి | డిసెంబరు 29, రాత్రి 7:45

వానమాపకం అక్క చెప్పిన వాగు సంగతికి నా పూర్తి మద్దతు. మా వైపు నుంచి కెమెరాను మోసగించే మరికొన్నింటిని కూడా చేర్చుతాను. కోతలయ్యాక వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన సాయంత్రాలు రోడ్డు మీద పొగ పాకుతుంది. రైస్ మిల్లుల దగ్గర ఊక దుమ్ము, సిమెంటు కర్మాగారాల దారిలో తెల్లని ధూళి ఉంటాయి. చిత్రంలో ఇవన్నీ పొగమంచులాగానే కనిపిస్తాయి. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద ఎండమావి మెరిస్తే కెమెరా దాన్ని నీళ్లనుకోదా?

పానగల్_భౌతికం | డిసెంబరు 30, ఉదయం 7:20

తప్పకుండా అనుకుంటుంది, మనిషీ అనుకుంటాడు కదా. అయితే ఎండమావికి ఒక లక్షణం ఉంది. మనం దగ్గరకు వెళ్లేకొద్దీ అది అంతే దూరం వెనక్కు జరుగుతుంది. నీటి మడుగు ఉన్నచోటే ఉండి బండి కిందికి వస్తుంది. వరుస ఫ్రేములను పోల్చే యంత్రానికి ఇది తెలుస్తుంది, ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పేదానికి తెలియదు.

పొగ, దుమ్ము, మంచు వేరు చేయడానికి తేమ కొలిచే చిన్న సెన్సారును బండి బయటి భాగంలో తగిలిస్తే చాలావరకు తేలిపోతుంది. మన ప్రాంతపు పొగమంచు ఎక్కువగా మబ్బులేని, గాలి కదలని రాత్రుల్లో నేల చల్లబడి, చెరువులూ తడి పొలాలూ ఉన్నచోట ఏర్పడేది. అప్పుడు గాలిలో తేమ నూటికి నూరు దగ్గర ఉంటుంది. ఊక దుమ్ముకు ఆ అవసరం లేదు. అయినా డ్రైవరుకు అది పొగా మంచా అన్నదాని కంటే ఎన్ని మీటర్లు కనిపిస్తోందన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

వేదిక_నిర్వాహకురాలు | డిసెంబరు 30, ఉదయం 11:00

ఒక్క సూచన. బండి వీడియోలో దారిన పోయేవారి ముఖాలు, బండ్ల నంబరు పలకలు ఉంటాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. కాబట్టి వీడియోలను ఈ వేదికలో పెట్టకండి. మీటర్ల అంకె, స్థలం, సమయం పంచుకుంటే వెనుక వచ్చేవారికి అవి సరిపోతాయి.

నార్కట్‌పల్లి_పాలబండి | జనవరి 8, ఉదయం 10:30

మీ మాటలు పట్టుకుని వారం రోజులు పరీక్షించాను. హైవే మీద బండి ఆపి కొలవడం ప్రాణాంతకం కాబట్టి మా ఊరి చెరువు కట్టను ఎంచుకున్నాను. టేపుతో కొలిచి 25, 50, 75, 100, 150 మీటర్ల దగ్గర ఒక్కో నల్లరంగు చెక్కనూ, దాని పక్కనే ఒక్కో పాత సిమెంటు సంచినీ కర్రలకు కట్టాను. మంచు పడిన ఒక ఉదయం, వెలుతురు వచ్చాక, 100 మీటర్ల నల్లచెక్క లీలగా కనిపించింది, 150ది కనిపించలేదు. సిమెంటు సంచి మాత్రం 50 మీటర్లది కనిపించింది, 75 మీటర్లది కనిపించలేదు. సార్ చెప్పిన 60 లెక్క నా కళ్ల ఎదుట నిలబడింది.

దేవరకొండ తమ్ముడు పంపిన ప్రోగ్రాము ఫోనులో వేసి అదే ఉదయం చూస్తే ఒకసారి 170 అని, ఇంకోసారి 90 అని చెప్పింది. మంచు మారలేదు, అంకె ఎందుకు మారిందో అర్థం కాలేదు. రెండోసారి చూసేముందు బండిలోకి పాల క్యాన్లు ఎక్కించాము, అంతకుమించి నేను ముట్టుకున్నది ఏదీ లేదు.

కోడ్_దేవరకొండ | జనవరి 8, మధ్యాహ్నం 2:40

అన్నా, కారణం క్యాన్లే! వెనుక బరువు పడితే బండి ముక్కు పైకి లేస్తుంది, దానితో పాటు కెమెరా కూడా లేస్తుంది. సార్ చెప్పిన వంపు పద్ధతిలో దూరాన్ని క్షితిజరేఖ నుంచే లెక్కిస్తాం కదా. కెమెరా నేలకు మీటరున్నర ఎత్తులో ఉందనుకుంటే, 50 మీటర్ల దూరపు రోడ్డు క్షితిజరేఖకు 1.7 డిగ్రీల కింద, 100 మీటర్ల దూరపు రోడ్డు 0.9 డిగ్రీల కింద ఉంటాయి. రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీ కూడా లేదు. ముక్కు అర డిగ్రీ లేచినా లెక్క తలకిందులవుతుంది. ఇది నేను ముందే ఆలోచించవలసిన విషయం. క్షితిజరేఖను ఒకసారి స్థిరపరచి వదిలేయకుండా, రోడ్డు అంచుల గీతలు రెండూ కలిసే చోటును బట్టి ప్రయాణంలోనే సరిచేసుకునేలా మారుస్తాను. గీతలు కనిపించకపోతే అంకె ఇవ్వకుండా "కొలవలేకపోతున్నాను" అని పలికేలా పెడతాను. తప్పు అంకె చెప్పే కెమెరా కంటే ఒప్పుకునే కెమెరా మేలు.

పాలమూరు_స్టీరింగ్ | జనవరి 8, రాత్రి 8:15

ఆ ఒక్క మాట పలికే యంత్రమైతే నా బస్సులో నేనే బిగించుకునేవాణ్ని. తమ్ముడూ, అది అలా పలికినప్పుడు బీప్ శబ్దం కాకుండా తెలుగులో గట్టిగా చెప్పించు. తెల్లవారుజామున డ్రైవరు చెవిలో పది రకాల బీపులు మోగుతుంటాయి.

నార్కట్‌పల్లి అన్న గారు ఒక పని చేయాలి. మంచు రోజుల్లో ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పి, లోపలి ఆవిరి తుడుచుకున్నాకే కెమెరా మాట వినండి. లోపల ఆవిరి పట్టిన అద్దం వెనుక నుంచి చూస్తే దానికి ఊరంతా మంచే.

నార్కట్‌పల్లి_పాలబండి | జనవరి 9, ఉదయం 9:05

ఈ రోజు తిరుగు ప్రయాణంలో ఖాళీ బండితో, అద్దం తుడుచుకుని, కొత్త ప్రోగ్రాముతో వచ్చాను. పంతంగి టోల్ దాటాక అది రెండుసార్లు "కొలవలేకపోతున్నాను" అంది. రెండుసార్లూ ఎదుట సూర్యుడు సూటిగా అద్దంలోకి కొడుతున్నాడు. చిట్యాల దగ్గర "110 మీటర్లు" అంది. సార్ లెక్క గుర్తుకు వచ్చి వేగాన్ని 45కు దించాను. రేపు తెల్లవారుజామున డివైడర్ మీది రేడియం బిళ్లల మధ్య దూరం కొలవడానికి సర్వీసు రోడ్డు ఉన్న చోటు చూసుకుని ఒకరిని తోడు తీసుకుని వెళుతున్నాను. కొలతలు రాగానే ఇక్కడే రాస్తాను.